యుద్ధం ఓడినా మాట తప్పని అల్జీరియా వీరుడు అమీర్ అబ్దుల్ ఖాదిర్

ఉత్తర ఆఫ్రికాలో మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న అల్జీరియా 132 ఏళ్లు ఫ్రాన్సు పాలన కింద నలిగింది. ఆ పాలనను మొదట్లోనే ఎదిరించి, 15 ఏళ్ల పాటు ఫ్రెంచి సేనానులకు నిద్ర లేకుండా చేసిన నాయకుడు అమీర్ అబ్దుల్ ఖాదిర్ అల్ జజాయిరీ. ఆయన చివరికి యుద్ధంలో ఓడిపోయారు. అయినా ఆయన మీద కత్తి దూసిన దేశమే తర్వాత ఆయనకు తన అత్యున్నత పతకం ఇచ్చి సత్కరించింది. ఎక్కడో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 1846లో వెలిసిన ఒక ఊరికి ఎల్కేడర్ అని ఆయన పేరే పెట్టుకున్నారు. ఓడిన మనిషికి ఇంత గౌరవం ఎందుకు దక్కిందో తెలియాలంటే ఆయన గెలిచిన యుద్ధాలనూ, ఓడిన యుద్ధాలనూ, యుద్ధమంతా అయిపోయాక ఆయన చేసిన ఒక పనినీ కలిపి చూడాలి.

పుట్టుక, చదువు

అబ్దుల్ ఖాదిర్ 1808లో పశ్చిమ అల్జీరియాలోని మస్కరా పట్టణానికి దగ్గర్లో ఉన్న గెత్నా అనే ఊళ్లో పుట్టారు. తండ్రి ముహియుద్దీన్ ఆ ప్రాంతంలో ఖాదిరియా సిల్సిలాకు పెద్ద. గౌసె ఆజం హజ్రత్ షేక్ అబ్దుల్ ఖాదిర్ జీలానీ (రహ్మతుల్లాహి అలైహి) పేరుతో నడిచే సిల్సిలా అది. తెలుగునాట ఎన్నో ముస్లిం ఇళ్లలో రబీఉల్ ఆఖిర్ నెలలో గ్యారవీ ఫాతిహా చేస్తారు, పిల్లలకు దస్తగీర్ అనీ మహబూబ్ సుభానీ అనీ పేర్లు పెట్టుకుంటారు. ఆ బాగ్దాదు పీరు పేరే ఈ అల్జీరియా బాలుడికీ ఉంది.

చిన్నప్పుడే ఖుర్ఆన్ కంఠస్థం చేశారు. ఫిఖహ్, హదీసు, అరబ్బీ సాహిత్యం చదివారు. గుర్రపు స్వారీలో ఆ చుట్టుపక్కల ఆయనకు సాటి లేదు. యువకుడిగా తండ్రి వెంట హజ్‌కు వెళ్లారు. ఆ ప్రయాణంలోనే కైరో, డమాస్కస్ (దిమష్క్), బాగ్దాదు చూశారు. బాగ్దాదులో జీలానీ దర్గాకు వెళ్లి జియారత్ చేసుకున్నారు. ఈజిప్టులో ముహమ్మద్ అలీ పాషా కొత్త పద్ధతుల్లో సైన్యాన్నీ, కర్మాగారాలనీ ఎలా నిలబెడుతున్నాడో కళ్లారా చూశారు. ఆ చూసినదంతా తర్వాత అక్కరకొచ్చింది. కానీ అప్పటికి ఆయన కోరిక ఒక్కటే. తండ్రిలాగే మద్రసాలో కూర్చుని చదువు చెప్పుకోవాలి, ఇబాదత్‌లో బతుకు గడపాలి.

గోధుమల బాకీతో మొదలైన గొడవ

అప్పట్లో అల్జీరియా పేరుకు ఉస్మానియా సల్తనత్‌లో భాగం. నిజానికి అల్జీర్స్ నగరంలో దేయ్ అనే పాలకుడిదే పెత్తనం. ఫ్రాన్సులో విప్లవం నడిచిన రోజుల్లో ఆ దేశానికి అల్జీర్స్ వర్తకుల ద్వారా గోధుమలు అప్పు మీద వెళ్లాయి. ఏళ్లు గడిచినా ఆ బాకీ తీరలేదు. 1827లో ఆ విషయం మీదే మాటా మాటా పెరిగి, దేయ్ హుసేన్ తన చేతిలోని విసనకర్రతో ఫ్రెంచి రాయబారిని కొట్టాడు. ఫ్రాన్సు దాన్ని సాకుగా తీసుకుంది. ముందు అల్జీర్స్ రేవును దిగ్బంధం చేసింది. 1830 జూన్ 14న 30 వేలకు పైగా సైన్యాన్ని ఒడ్డున దింపింది. జూలై 5న అల్జీర్స్ ఫ్రెంచి వాళ్ల చేతికి చిక్కింది.

తురకీ పాలకులు ఓడలెక్కి వెళ్లిపోయారు. మర్నాడు నుంచి దేశానికి దిక్కెవరో తెలియని పరిస్థితి. 1831లో పశ్చిమాన ఓరాన్ రేవు కూడా పోయింది. అప్పుడు మస్కరా చుట్టూ ఉన్న తెగల పెద్దలు ముహియుద్దీన్ దగ్గరికి వచ్చి నాయకత్వం వహించమన్నారు. వయసు మీద పడిన ఆయన తన బదులు కొడుకును చూపించారు. 1832 నవంబరులో ఎగ్రిస్ మైదానంలో ఒక పెద్ద చెట్టు కింద తెగల వాళ్లు అబ్దుల్ ఖాదిర్ చేతి మీద బైఅత్ చేశారు. అప్పటికి ఆయన వయసు 24 ఏళ్లు. సుల్తాన్ అనే బిరుదు వద్దని అమీర్ అనిపించుకుంటే చాలన్నారు.

మక్తా చిత్తడిలో గెలుపు

కొత్త అమీర్‌కు రెండు పనులు ఒకేసారి మీద పడ్డాయి. ఒకటి ఫ్రెంచి వాళ్లను ఆపడం, రెండోది ఒకరితో ఒకరికి పడని తెగలను ఒక్క తాటి మీదికి తేవడం. ఆయన ఓరాన్ మీద దాడులు చేస్తూనే బేరానికి కూడా సిద్ధపడ్డారు. 1834 ఫిబ్రవరిలో ఓరాన్ సేనాని దెమిషెల్‌తో సంధి కుదిరింది. దాంతో పశ్చిమ అల్జీరియా లోపలి ప్రాంతానికి అమీరే పాలకుడని ఫ్రాన్సు ఒప్పుకున్నట్టయింది.

ఏడాది తిరిగేసరికి ఓరాన్‌కు కొత్త సేనాని ట్రెజెల్ వచ్చాడు. అమీర్‌కు కట్టుబడని రెండు తెగలను తన రక్షణలోకి తీసుకుని, సైన్యంతో బయటికి కదిలాడు. 1835 జూన్ 26న ములే ఇస్మాయీల్ అడవిలో తొలి దెబ్బ తగిలింది. గాయపడిన వాళ్లను బండ్లలో వేసుకుని సముద్రం వైపు వెనక్కి మళ్లాడు. అతను మక్తా నది చిత్తడి నేలల మీదుగానే పోవాలని అమీర్ పసిగట్టారు, ముందే వెళ్లి దారి కాచారు. జూన్ 28న ఒకవైపు కొండలు, మరోవైపు బురద, మధ్యలో ఇరుక్కున్న బండ్లు. ఫ్రెంచి వాళ్లు రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఐరోపాలోని పెద్ద సైన్యాల్లో ఒకదాన్ని 26 ఏళ్ల మద్రసా పండితుడు ఓడించాడన్న వార్త పారిస్‌ను కుదిపేసింది.

దానికి బదులుగా ఆ ఏడాది డిసెంబరులో ఫ్రెంచి సేనలు మస్కరా మీద పడి తగలబెట్టాయి. 1836 జూలైలో సిక్కాక్ నది దగ్గర బుజో అనే సేనాని అమీర్‌ను గట్టిగా దెబ్బ తీశాడు. బండ్లూ బరువైన ఫిరంగులూ వదిలేసి, కంచర గాడిదల మీద సామాను వేసుకుని వేగంగా కదలడం బుజో ఎత్తుగడ. మక్తా పాఠం ఫ్రెంచి వాళ్లు నేర్చుకున్నారని అమీర్‌కు ఆరోజే అర్థమైంది.

సంధి కాలంలో కట్టిన రాజ్యం

1837 మే 30న అదే బుజోతో తఫ్నా సంధి కుదిరింది. తీరంలోని కొన్ని పట్టణాలు ఫ్రాన్సు దగ్గర ఉండగా, పశ్చిమ, మధ్య అల్జీరియాలో లోపలి భూభాగం చాలా మటుకు అమీర్ కిందికి వచ్చింది. దొరికిన రెండున్నరేళ్లలో ఆయన ఒక రాజ్యాన్నే నిలబెట్టారు. దేశాన్ని ప్రాంతాలుగా పంచి ఒక్కోదానికి ఒక ఖలీఫాను వేశారు. ఖాజీలకు జీతాలిచ్చారు. ఉష్ర్, జకాత్ వసూళ్లకు లెక్క పెట్టారు. ఫ్రెంచి ఫిరంగులకు అందనంత లోపల తగ్దెంత్ అనే చోట కోట కట్టి, సొంత నాణేలు ముద్రించారు, తుపాకులు చేయించారు. జీతం తీసుకునే సిపాయిలతో పటాలాలు తయారుచేశారు. తాను మాత్రం గుడారంలోనే ఉండి సాదా బట్టలే కట్టుకున్నారు. బైతుల్‌మాల్ సొమ్ము ఇంటి ఖర్చుకు ముట్టుకోలేదు.

పొరపాట్లు జరగలేదని కాదు. 1838లో ఎడారి అంచున ఉన్న ఐన్ మాదీ ఊరిని, అక్కడి తిజానీ పీరు తనకు లొంగలేదని, నెలల తరబడి ముట్టడించారు. ఊరు చేతికొచ్చింది గానీ విలువైన కాలమూ బలగమూ సాటి ముస్లింల మీద ఖర్చయిపోయాయి. ఈలోగా ఫ్రెంచి వాళ్లు తూర్పున కాన్‌స్టాంటీన్ పట్టుకుని బలపడ్డారు. సంధి పత్రం అరబ్బీలో ఒకలా, ఫ్రెంచిలో ఒకలా ఉండటం మరో చిక్కు. 1839 అక్టోబరులో ఫ్రెంచి సైన్యం అమీర్ తనవనుకున్న కొండ కనుమల గుండా దాటిపోయింది. నవంబరులో ఆయన మళ్లీ జిహాద్ ప్రకటించారు.

పొట్ట మీద కొట్టిన యుద్ధం

1841లో బుజో గవర్నర్ జనరల్‌గా అల్జీరియాకు తిరిగొచ్చాడు. అమీర్‌ను మైదానంలో వెతికి పట్టుకోవడం కష్టమని అతనికి తెలుసు. అందుకే సైన్యాన్ని చిన్న చిన్న దళాలుగా చేసి రైతుల మీదికి వదిలాడు. కోతకొచ్చిన చేలు కాల్చారు. పండ్ల తోటలు నరికారు. గొడ్డూ గోదా తోలుకుపోయారు. జనం నేలలో తవ్వి దాచుకున్న ధాన్యపు పాతర్లు వెతికి మరీ ఖాళీ చేశారు. గోధుమల బాకీతో మొదలైన యుద్ధం ఇలా గోధుమ పాతర్ల దగ్గరే తేలింది. 1846 నాటికి అల్జీరియాలో ఫ్రెంచి సైన్యం లక్ష దాటింది. తిండి లేని తెగలు ఒక్కొక్కటిగా లొంగిపోయాయి. 1845 జూన్‌లో దహ్రా కొండల్లో గుహలోకి వెళ్లి దాక్కున్న ఔలాద్ రియాహ్ తెగ వాళ్లను, ముసలీ ముతకా పిల్లా జెల్లా అని చూడకుండా, కర్నల్ పెలిసియే గుహ ముందు మంట పెట్టించి పొగతో చంపించాడు. వందల మంది ఊపిరాడక పోయారు. ఆ సంగతి బయటపడ్డాక ఫ్రాన్సు పార్లమెంటులోనే దుమారం రేగింది.

1841లోనే తగ్దెంత్ నేలమట్టమైంది. రాజధాని లేకపోయేసరికి అమీర్ కదిలే రాజధానిని తయారుచేసుకున్నారు. దాన్ని జమాలా అనేవారు. గుడారాలు వరుసలు వరుసలుగా, మధ్యలో అమీర్ కుటుంబం, చుట్టూ తెగల వాళ్లు, బజారు, కమ్మరి కొలుములు, ఖాజీ కచేరీ, ఎన్నో ఏళ్లు కూడబెట్టిన పుస్తకాలు. వేల మంది జనం ఉన్న ఊరు అలా చోటు మారుతూ తిరిగేది. 1843 మే 16న తాగీన్ నీటి చెలమల దగ్గర, అమీర్ లేని సమయంలో, ఫ్రెంచి రాజు కొడుకు ఒమాల్ డ్యూకు కొన్ని వందల మంది రౌతులతో దాని మీద విరుచుకుపడ్డాడు. సుమారు మూడు వేల మంది బందీలయ్యారు. పుస్తకాలు చెల్లాచెదురయ్యాయి. అమీర్ తల్లీ భార్యా మాత్రం తప్పించుకోగలిగారు. యుద్ధం మొత్తంలో ఆయన కోలుకోలేని దెబ్బ ఇదే.

తర్వాత ఆయన మొరాకో సరిహద్దుకు చేరారు. అక్కడి సుల్తాన్ సైన్యాన్ని 1844 ఆగస్టు 14న ఇస్లీ నది దగ్గర బుజో ఓడించాడు. సెప్టెంబరులో టాంజియర్ సంధి కింద మొరాకో సుల్తాన్ అమీర్‌ను బహిష్కరించడానికి ఒప్పుకున్నాడు. ఆదుకుంటాడనుకున్న పొరుగు ముస్లిం రాజ్యం కూడా తలుపు మూసేసింది.

అయినా 1845 సెప్టెంబరులో సీదీ బ్రాహీం దగ్గర అమీర్ మళ్లీ గెలిచారు. కర్నల్ మోంతాన్యాక్ నాలుగు వందల పైచిలుకు మందితో ఎదురొచ్చాడు. అతనూ చనిపోయాడు, అతని దళమూ మూడు నాలుగు రోజుల్లో తుడిచిపెట్టుకుపోయింది. ప్రాణాలతో తమ శిబిరానికి చేరింది పదీ పదిహేను మందే. కానీ ఆ గెలుపు కూడా ఆకలితో ఉన్న తెగలకు అన్నం పెట్టలేకపోయింది.

బందీల విషయంలో అమీర్ కట్టడి

ఈ యుద్ధం మొదట్లో ఇరువైపులా తలలు నరకడం మామూలే. శత్రువు తల తెచ్చినవాడికి బహుమానం ఇచ్చే ఆచారం కూడా ఉండేది. అమీర్ ఆ ఆచారాన్ని ఎత్తేశారు. బందీని ప్రాణాలతో, ఒంటి మీద దెబ్బ లేకుండా అప్పగిస్తేనే సొమ్ము ఇస్తామని చాటించారు. బందీని హింసించినట్టు తెలిస్తే సొంత సిపాయికైనా శిక్ష తప్పేది కాదు. చిక్కిన ఆడవాళ్లను తన తల్లి లల్లా జోహ్రా సంరక్షణలో ఉంచేవారు. 1841లో అల్జీర్స్ బిషప్ దుపుష్ ఒక బందీని విడిచిపెట్టమని అడిగితే, ఒక్కరినే ఎందుకు అడిగారు, అందరినీ అడగాల్సింది, మీ దగ్గర మగ్గుతున్న ముస్లిం బందీల కోసం కూడా అడగాల్సింది అని ఆయన బదులు పంపారు. ఆ ఉత్తరాలతోనే రెండు వైపులా బందీల మార్పిడి జరిగింది. ఫ్రెంచి బందీలు తమ మతం పాటించుకోవడానికి పాదిరీని పంపమని కూడా ఆయన బిషప్‌ను కోరారు. తిండి పెట్టలేని రోజు వచ్చినప్పుడు బందీలను ఊరికే వదిలేసిన సందర్భమూ ఉంది.

ఈ కట్టడికి ఒక పెద్ద మచ్చ పడింది. 1846 ఏప్రిల్‌లో అమీర్ దూరంగా యుద్ధంలో ఉండగా, మొరాకో సరిహద్దులోని ఆయన శిబిరంలో 170 మందికి పైగా ఫ్రెంచి బందీలను చంపేశారు. అక్కడ పెత్తనం ఆయన బావమరిది ముస్తఫా బిన్ తామీది. బందీలకు పెట్టడానికి తిండి లేదు, వాళ్లను ఎవరైనా ఎత్తుకుపోతారన్న భయం కూడా ఉంది. ఆ హుకుం అమీర్ ఇచ్చింది కాదని చాలామంది చరిత్రకారుల మాట. అయినా చంపింది ఆయన మనుషులే. ఏళ్ల తరబడి ఆయన కాపాడుకుంటూ వచ్చిన నియమం సొంత శిబిరంలోనే తెగిపోయింది. తర్వాత ఆయన్ని జైల్లో ఉంచాలని వాదించిన ఫ్రెంచి నాయకులకు అదే ఆయుధం అయింది.

ఇచ్చిన మాట, తప్పిన మాట

1847 డిసెంబరుకల్లా ముందు ఫ్రెంచి సైన్యం, వెనక మొరాకో సైన్యం. అమీర్ తన వాళ్లను తీసుకుని ములూయా నది దాటారు. తాను ఒక్కడే గుర్రమెక్కి ఎడారిలోకి తప్పించుకుపోవచ్చు. కానీ వెంట ఆడవాళ్లు, పిల్లలు, గాయపడినవాళ్లు ఉన్నారు. సహచరులతో మష్వరా చేసి, ఆయుధాలు దించుతామని జనరల్ లామోరిసియేర్‌కు కబురు పంపారు. తననూ తన వాళ్లనూ అలెగ్జాండ్రియాకో అక్కాకో పంపాలన్నది షరతు. లామోరిసియేర్ ఒప్పుకున్నాడు. అప్పటికి గవర్నర్ జనరల్‌గా ఉన్న ఒమాల్ డ్యూకు కూడా సరేనన్నాడు.

ఓడ మాత్రం ఫ్రాన్సులోని తూలోన్‌కు వెళ్లింది. 1848 ఫిబ్రవరిలో పారిస్‌లో విప్లవం వచ్చి రాజు పోయాడు, కొత్త ప్రభుత్వం పాత మాటకు బాధ్యత లేదంది. తూలోన్ నుంచి పో కోటకు, అక్కడి నుంచి అంబ్వాజ్ కోటకు మార్చారు. చలికీ దిగులుకూ ఆయన వాళ్లలో 25 మంది దాకా ఆ పరాయి గడ్డ మీదే కన్నుమూశారు. పిల్లల సమాధులు కూడా అక్కడున్నాయి. ఇచ్చిన మాట వదులుకుంటే ఫ్రాన్సులోనే జాగీరు ఇస్తామని ఆశ చూపారు. ఆయన ఒప్పుకోలేదు. చివరికి 1852 అక్టోబరులో లూయీ నెపోలియన్ స్వయంగా అంబ్వాజ్‌కు వచ్చి విడుదల చేశాడు. అల్జీరియాకు తిరిగి వెళ్లి పోరాడనని అమీర్ మాటిచ్చారు. తనకిచ్చిన మాట అయిదేళ్లు అమలుకాకపోయినా, తానిచ్చిన మాటను బతికినన్నాళ్లూ నిలబెట్టుకున్నారు. 1871లో అల్జీరియాలో తిరుగుబాటు రేగినప్పుడు సొంత కొడుకు అందులోకి దూకితే, ఆ పనితో తనకు సంబంధం లేదన్నారు. అది అల్జీరియా వాళ్లలో కొందరికి ఇప్పటికీ మింగుడు పడదు.

డమాస్కస్‌లో జూలై 1860

కొన్నాళ్లు తుర్కియేలోని బుర్సాలో ఉండి, 1855లో ఆయన డమాస్కస్ చేరారు. ఉమయ్యద్ మస్జిద్‌లో పాఠాలు చెప్పేవారు. వెంట వచ్చిన అల్జీరియా వాళ్లు కూడా అక్కడే స్థిరపడ్డారు. 1860లో లెబనాన్ కొండల్లో ద్రూజులకూ క్రైస్తవులకూ రక్తపాతం జరిగింది. ఆ మంట డమాస్కస్‌కు పాకుతోందని అమీర్‌కు తెలిసింది. గవర్నర్ దగ్గరికి, నగర ఉలమా దగ్గరికి వెళ్లి ముందే హెచ్చరించారు. ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు.

జూలై 9న అల్లరి మూక క్రైస్తవుల పేట మీద పడింది. ఇళ్లు తగలబడుతున్నాయి. అమీర్ తన అల్జీరియా సిపాయిలతో ఆ సందుల్లోకి వెళ్లి, దొరికినవాళ్లను దొరికినట్టు తన ఇంటికి తీసుకొచ్చారు. ఫ్రాన్సు, రష్యా రాయబారులు కూడా ఆయన ఇంట్లోనే తలదాచుకున్నారు. ఇల్లు చాలక చుట్టుపక్కల ఇళ్లు నింపారు. అవీ చాలక జనాన్ని తన మనుషుల కాపలాలో నగర కోటకు పంపారు. క్రైస్తవుణ్ణి ప్రాణాలతో తెచ్చి అప్పగించినవాడికి డబ్బు ఇస్తామని చాటించారు. అల్జీరియా యుద్ధంలో బందీల కోసం ఆయన పెట్టిన పద్ధతి అదే. మూక తన గుమ్మం ముందుకొచ్చి లోపలున్నవాళ్లను అప్పగించమంటే, ఏ తప్పూ చేయని జిమ్మీల ప్రాణం తీయడం దీన్‌లో హరామ్ అని చెప్పి, తన సిపాయిలు ఒక్కరు మిగిలినా అప్పగించేది లేదన్నారు. మూక వెనక్కి తగ్గింది. మీదాన్ పేటలోని ముస్లిం పెద్దలు కూడా తమ వీధుల్లోని క్రైస్తవులను కాపాడారు. నగరంలో వేల మంది చనిపోయారు. అమీర్ చేతుల మీదుగా బతికినవాళ్లూ వేలల్లోనే ఉన్నారు.

ఫ్రెంచి సైన్యం దహ్రా గుహలో ఆయన జనాన్ని పొగపెట్టి చంపి అప్పటికి పదిహేనేళ్లే అయింది. ఫ్రాన్సు రాయబారి తన గుమ్మంలో నిలబడిన రోజున ఆయన ఆ లెక్క తీయలేదు. ఫ్రాన్సు లీజియన్ ఆఫ్ ఆనర్ పతకం పంపింది. పోపు, రష్యా జార్ సత్కరించారు. రష్యాతో పాతికేళ్లు పోరాడి బందీ అయిన కాకసస్ వీరుడు ఇమాం షామిల్ మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. అమీర్ మాత్రం షరీఅత్ చెప్పిందీ, మానవత్వం అడిగిందీ చేశానని మాత్రమే బదులిచ్చారు.

మిగిలిన కాలం ఇబాదత్‌లో, పుస్తకాల్లో గడిచింది. ఇబ్నె అరబీ (రహ్మతుల్లాహి అలైహి) గ్రంథం ఫుతూహాతె మక్కియ్యాను అచ్చు వేయించడానికి పూనుకున్నారు. మవాఖిఫ్ అనే తన గ్రంథం మిగిల్చారు. 1883 మేలో డమాస్కస్‌లో కన్నుమూశారు. ఇబ్నె అరబీ సమాధి పక్కనే ఖననం చేశారు.

మనవడు అమీర్ ఖాలిద్ మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అల్జీరియా ముస్లింల హక్కుల కోసం గొంతెత్తి దేశబహిష్కారానికి గురయ్యాడు. 1954 నవంబరు 1న మొదలైన స్వాతంత్ర్య యుద్ధం లక్షల ప్రాణాలు తీసుకుంది. చివరికి 1962 జూలై 5న అల్జీరియా స్వతంత్ర దేశంగా నిలబడింది. 1830లో అల్జీర్స్ పడిపోయిన తేదీ కూడా జూలై 5నే. 1966లో అమీర్ అవశేషాలను డమాస్కస్ నుంచి తెచ్చి అల్జీర్స్‌లోని అల్ ఆలియా ఖబరస్తాన్‌లో ఖననం చేశారు. అల్జీరియాకు తిరిగి వచ్చి పోరాడనని మాటిచ్చి వెళ్లిన మనిషి, 119 ఏళ్ల తర్వాత ఆ మాట తప్పకుండానే సొంత గడ్డకు చేరారు.